చేసినవారు, చూసినవారు

తొమ్మిదో విజ్ఞప్తి దగ్గరికి వచ్చేసరికి చుక్కలమ్మ టీ చల్లారిపోయింది. చల్లారినదాన్నే ఒక గుక్క మింగి, మొహం చిట్లించి, జారిపోతున్న కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ తెర మీదికి వంగింది. ఎక్కడో ఎవరో పరిశోధకుడు మొరపెట్టుకుంటున్నాడు: "మా పత్రికవాళ్ళు సంవత్సరం బ్రాకెట్లలో ఉండాలంటున్నారు. మీ ఫైలు బ్రాకెట్లు లేకుండా పెడుతోంది. మూడు రోజులుగా నిద్ర లేదు." ఆమె ఆ పత్రిక నియమాలు తెరిచి ఓపిగ్గా కిందిదాకా చదివింది. బ్రాకెట్లున్న మాట నిజమే. ఫైలు సరిదిద్ది, రెండో మనిషి చూడటానికి వరసలో పెట్టి, కింద ఒక ముక్క రాసింది: "రేపటికి సరవుతుంది. ఇవాళ నిద్రపొండి నాయనా."

ఆ కళాశాల లైబ్రరీలో ఆమెని చుక్కలమ్మ అననివాళ్ళు లేరు. ప్రిన్సిపాలు కూడా ఒకసారి మీటింగులో నోరుజారి అలాగే పిలిచి, తర్వాత చాలాసేపు దగ్గాడు. యాభై మూడేళ్ళ మనిషి. పొట్టి, బక్కపలచన. ఏళ్ళ తరబడి ఒక పక్కకి ఒరిగి తెర చూడటంవల్ల కుడి భుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది. గది నేలమాళిగలో, బైండింగు విభాగం పక్కన. ఎప్పుడూ జిగురు వాసన. ఉన్న ఒక్క కిటికీ వీధిమట్టానికి ఉండటంతో అందులోంచి మనుషులు మోకాళ్ళదాకానే కనిపిస్తారు. ఇరవై రెండేళ్ళు అక్కడే కూర్చునేసరికి ఆ వీధి చెప్పులన్నీ ఆమెకి పరిచయస్తులైపోయాయి. నడక చూసి ఎవరింట్లో గొడవయిందో చెప్పేస్తుందనీ, ఒక దొంగని బూటు మడమ చూసి పట్టించిందనీ బైండరు చెబుతుంటాడు. దొంగ సంగతి అంతగా నమ్మనక్కర్లేదు.

ఆమె చేసే పని మాత్రం నమ్మి తీరాలి. పరిశోధన వ్యాసం రాసినవాళ్ళు తాము చదివిన పుస్తకాల జాబితా చివర ఇవ్వాలి. ఇవ్వడం వరకూ అయితే ఎవరికీ బాధ లేదు. ఎలా ఇవ్వాలన్న దగ్గర ఒక్కో పత్రికది ఒక్కో మొండిపట్టు. ఒకరికి ఇంటిపేరు ముందుండాలి, ఒకరికి వెనకుండాలి, ఒకరికి పుస్తకం పేరు ఏటవాలుగా పడుకోవాలి, ఇంకొకరికి నిటారుగా నిలబడాలి. చుక్క తర్వాత రెండు ఖాళీలున్నాయని ఒక సంపాదకుడు వ్యాసం తిప్పిపంపితే, రాసినాయన ఒళ్ళుమండి ఆ శాస్త్రమే వదిలేసి కోళ్ళఫారం పెట్టుకున్నాడనీ, ఆ కోళ్ళు కూడా ఇప్పుడు మధ్యలో సమానంగా ఎడం వదిలి గుడ్లు పెడుతున్నాయనీ ఈ పనివాళ్ళలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. కోళ్ళ సంగతి అబద్ధం కావచ్చు. రెండు ఖాళీల సంగతి నిజం.

ఈ మొండిపట్లన్నీ కంప్యూటరుకి నేర్పే చిన్న చిన్న ఫైళ్ళు పదివేల పైచిలుకున్నాయి. అవన్నీ ఒకే ఉమ్మడి రిపాజిటరీలో ఉంటాయి. రోజుకి వందసార్లు ఆ పేరు పలకలేక పనివాళ్ళు దాన్ని కొట్టు అంటారు. వ్యాసాలు రాసేవాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్లు అయిదు. అయిదింటినీ అయిదు గుంపులు తయారుచేస్తాయి, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. అయినా శైలి ఫైళ్ళు మాత్రం అందరూ ఈ కొట్టులోంచే రోజుకోసారి పట్టుకుపోతారు. వేరుపడ్డ అయిదుగురు అన్నదమ్ములకి ఒకే బావి ఉన్నట్టు. నాలుగు సాఫ్ట్‌వేర్లు సాయంత్రం ఆరింటికి తీసుకుంటాయి. అన్నిటికన్నా పాతది మాత్రం అయిదింటికే తీసుకుంటుంది. గడియారం సరిచెయ్యమని అడిగితే దాని తరఫు పెద్దాయన, "మాది ముందు పుట్టింది, ముందు తాగుతుంది" అని జవాబిచ్చాడు.

ఆ పెద్దాయనే చుక్కలమ్మకి రెండో మనిషి.

కొట్టులో రెండు కట్టుబాట్లున్నాయి. ఒకరు చేసిన మార్పు ఇంకొకరు చూడాలి; చేసినవారే చూశామంటే చెల్లదు. రెండోది, ఏదైనా చెడితే బాగుచేసి ఊరుకోకూడదు, తప్పు చీటీ రాయాలి. ఏం చెడింది, చేసినవారు ఎవరు, చూసినవారు ఎవరు. ఆ చీటీ కూడా అయిదు సాఫ్ట్‌వేర్లకీ వెళ్ళి 'ఈనాటి మార్పులు' అన్న పుటలో వాడేవాళ్ళందరికీ కనిపిస్తుంది. ఒకసారి వెళ్ళిన పుట వెనక్కి రాదు.

పెద్దాయన మొహం ఆమె ఎరగదు, ఊరు ఎరగదు. పద్నాలుగేళ్ళ కిందట మొదటి ఫైలు చేసి పంపితే పదహారుసార్లు తిప్పికొట్టాడు. "చుక్క ఒకటి తక్కువ. ఎక్కడో చెప్పను, వెతుక్కో తల్లీ" అని ఒకసారి. "వెతికినట్టు లేదు, కళ్ళు మూసుకుని పంపినట్టుంది" అని ఇంకోసారి. ఆమె వంటింట్లో కూర్చుని ఏడ్చింది. సిటీబస్సు నడిపే ఆమె భర్త గుమ్మంలో నిలబడి, "ఎవడే ఆ ముసలాడు? అడ్రసు చెప్పు, బస్సు తీసుకుని పోతాను" అన్నాడు. పదిహేడోసారి ఒకే ఒక్క మాట వచ్చింది: "చూశాను." ఆమె ఆ తెర దగ్గరికి భర్తని చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించింది. ఆయనకి అందులో సంబరపడాల్సిందేమీ కనపడలేదు. అయినా సంబరపడ్డాడు.

ఆయనకేం తెలుసు? ఆ మాటకి పైన 'చేసినవారు' అన్నచోట ఆమె పేరుంది. నాన్నకి జబ్బుచేసి కాలేజీ చదువు రెండో ఏడే ఆపేశాక తొమ్మిదేళ్ళు ఆమె అద్దె టైపుమిషను మీద ఇతరుల పరిశోధన గ్రంథాలు టైపు కొట్టింది. నలభై ఒకటి. ఒక్కదానిలోనూ ఆమె పేరు లేదు. ఒకాయన తన కుక్కకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఆ పేరా కొట్టింది కూడా ఆమే. పేరంటూ అచ్చయి, పదిమందీ చూసేచోట నిలిచింది ఈ కొట్టులోనే. అక్కడ ఎక్కడ ఆమె పేరుంటే దాని పక్కన, రెండో గడిలో, పెద్దాయన పేరు ఉంటుంది. రెండువేల మూడొందల ఫైళ్ళకి ఉంది అలా. ఆయన పేరు కూడా ఇంకెక్కడా ఉన్నట్టు లేదు. ఒకసారి వెతికి చూసింది.

పదో విజ్ఞప్తి తెరిచింది. "నిన్నటిదాకా బాగానే వచ్చింది. ఇవాళ మా జాబితా అంతా మాయమైపోయింది. రేపు గ్రంథం ఇవ్వాలి." పదకొండోదీ అదే పాట. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆపైన లెక్క చూస్తే నూట ముప్పయి.



సంగతి ఇదీ. ఒక పెద్ద ప్రచురణ సంస్థ పేరు మార్చుకుంది. దాని కింద రెండువందల పన్నెండు పత్రికలున్నాయి. అన్నిటిదీ ఒకే పద్ధతి కనక ఒక తల్లి ఫైలు ఉంటుంది, మిగతావి పిల్ల ఫైళ్ళు. పిల్ల ఫైల్లో సొంత సరుకేమీ ఉండదు. 'మా అమ్మని అడగండి' అని తల్లి పేరు మాత్రం ఉంటుంది. తల్లి పేరు మారిస్తే, పాత పేరుతో వచ్చినవాళ్ళు కొత్త పేరు దగ్గరికి చేరేలా దారుల పట్టీలో ఒక వరస రాయాలి. మొన్న చుక్కలమ్మ పేరు మార్చింది. దారి రాయడం మరిచిపోయింది. రెండువందల పన్నెండు పిల్లలూ వెళ్ళి మూసిన తలుపు కొడుతున్నాయి.

మరపు ఎవరికైనా వస్తుంది. ఆ మరపుకోసమే కదా రెండో మనిషి. ఆయన పద్నాలుగేళ్ళలో ఒక్క చుక్క దాటనివ్వలేదు. ఈసారి నిన్న సాయంత్రం నాలుగూ యాభైకి "చూశాను" అని రాశాడు.

నిజానికి ఆ మాటకోసం ఆమె రెండు రోజులు ఆయన వెంటపడింది. సంస్థవాళ్ళు గడువు పెట్టారు. "మాస్టారూ, చూశారా?" అని మొన్న. "మాస్టారూ, మీ ఒక్కరికోసమే ఆగింది" అని నిన్న పొద్దున. "మాస్టారూ, నిద్రపోతున్నారా?" అని నిన్న మధ్యాహ్నం, కాస్త వేళాకోళంగా. ఎప్పుడూ గంటలో పలికే మనిషి. రెండు రోజులు ఆపి, ఆపి, చివరికి ఇలా చూసి పెట్టాడన్నమాట!

ముక్కుమీదికి వచ్చింది కోపం. టకటకా కొట్టింది: "మాస్టారూ, చూశానన్నారు. ఏం చూశారు? దారి రాయకుండా వదిలేశాను. అంత పెద్ద కన్నం కళ్ళకి ఆనలేదా?"



"ఏమే, కీబోర్డు చేసిన పాపమేంటి, అలా బాదుతున్నావు?" అంటూ బైండరు పక్క గదిలోంచి తొంగిచూశాడు. అరవై దాటిన మనిషి, చేతులు మోచేతులదాకా జిగురు. ఆమె సంగతి చెప్పింది.

"పోనిద్దూ. పెద్దవాడు కదా, కునుకు పట్టిందేమో."

"కునుకు పడితే కునుకు పట్టిందని రాయాలి బాబాయ్. చూశానని రాయకూడదు."

"నువ్వు మరీనూ. మా ఆవిడ నలభై ఏళ్ళుగా నా మాట విన్నానంటోంది. ఎప్పుడైనా పోట్లాడానా?"

ఆమె నవ్వలేదు. బైండరు పెదవి విరిచి తన అట్టల దగ్గరికి పోయాడు.

బాగుచెయ్యడం పెద్ద పని కాదు, పట్టీలో ఒక్క వరస. కానీ ఆమె రెండువందల పన్నెండు పిల్ల ఫైళ్ళనీ ఒక్కొక్కటే తెరిచి, దారి పట్టుకుని తల్లిదాకా వెళ్తోందో లేదో చూసుకుంటూ కూర్చుంది. మధ్యమధ్య పెద్దాయన పలికాడేమోనని తెర మీద పక్క కిటికీ తెరిచి చూసింది. పన్నెండున్నర దాటింది. మెడ నరం పట్టేసింది. చివరికి తప్పు చీటీ రాయాల్సి వచ్చింది. ఏం చెడిందో రాసింది. చేసినవారు దగ్గర తన పేరు రాసింది. చూసినవారు దగ్గర ఆయన పేరు రాసి, ఒక్క క్షణం ఆగి, పక్కన చేర్చింది: "చూడకుండానే చూశానన్నారు."

పెద్దాయన పలకడం లేదు కనక ఇంకెవరైనా చూడాలి. దొరికింది తొందరాయన. అన్నిటికన్నా కొత్త సాఫ్ట్‌వేరుకి ఆయన పెద్ద. స్టేషనుకి రెండు గంటల ముందే వెళ్ళి, ఎదురుగా ఏది కనపడితే అది ఎక్కేసి, తీరా చూస్తే అది రైలు కాదు పాలవ్యాను అనీ, అయినా చేరాల్సిన ఊరికి రైలుకన్నా ముందే చేరాడనీ ఆయన గురించి చెప్పుకుంటారు. పెద్దాయనతో ఆయనకి పదేళ్ళుగా పేచీ. ఆమె పంపిన రెండు నిమిషాలకే జవాబు వచ్చింది: "సరే సరే సరే." చీటీ చదివాడని ఎవరూ అనుకోరు.

క్యారేజీ విప్పుతుండగా భర్త డిపో నుంచి ఫోను చేశాడు.

"తిన్నావా?"

"తింటున్నా. మీరు?"

"ఆ. ఏంటి గొంతు అలా ఉంది? ముసలాయన మళ్ళీ తిప్పికొట్టాడా?"

"తిప్పికొట్టలేదండీ. అదే వచ్చిన బాధ."

"తిప్పికొడితే ఏడుస్తావు, కొట్టకపోతే ఏడుస్తావు. ఆయన స్థానంలో నేనుంటే ఎప్పుడో సన్యాసం పుచ్చుకునేవాణ్ణి."

"మీరు పుచ్చుకుంటే బస్సెవరు నడుపుతారు, తినండి" అని పెట్టేసింది.

మధ్యాహ్నమంతా కొత్తగా వచ్చిన పత్రికలకి ముద్రలు కొడుతూ గడిపింది. చెప్పులో రాయి పడ్డట్టు ఏదో గుచ్చుతూనే ఉంది. రాసింది అబద్ధం కాదు. కానీ పదిమందిలో పెట్టి అనాల్సిన మాటా అది? రేపు ఆయన చూసి, "బాగా రాశావు తల్లీ, చుక్క మాత్రం ఎగిరిపోయింది" అంటాడు. అన్నాక అంతా మామూలైపోతుంది. ఆయన అననీ, అప్పుడు సర్దిచెబుదాం అనుకుంది.

నాలుగూ ఇరవైకి కొత్త విజ్ఞప్తి ఒకటి వచ్చింది. కొట్టుకి ఎవరేం చెప్పుకోవాలన్నా ఒకటే ఫారం. అయిదు గళ్ళు, అయిదూ నింపితేగాని పోదు. ఆమె మామూలుగా తెరిచింది.

పత్రిక పేరు: తెలియదండి. ఇది ఆస్పత్రి.

ప్రచురణకర్త: మగవాళ్ళ వార్డు, మంచం నంబరు ఇరవై ఆరు.

ఇప్పుడు ఎలా వస్తోంది: పేషెంటు ఇవాళ పొద్దున ఆరూ పదికి చనిపోయారు. వయసు డెబ్బై నాలుగు.

ఎలా రావాలి: సంబంధించినవాళ్ళు ఎవరైనా రావాలి.

ఉదాహరణ: చేరినప్పుడు ఎవరికి తెలియజెయ్యాలి అన్నచోట ఆయన ఈ వెబ్ అడ్రసు ఒక్కటే రాశారు. ఈ ఫారం నింపందే పంపనివ్వడం లేదు. తప్పుగా నింపితే ఏమీ అనుకోకండి. ఇట్లు, వార్డు గుమాస్తా.

కింద ఆస్పత్రి ఊరూ, పేషెంటు పేరూ ఉన్నాయి. రెండువేల మూడొందల ఫైళ్ళ మీద ఆమె పేరు పక్కన ఉండే పేరు.

చుక్కలమ్మ ముందు చేసిన పని, ఆ ఫారంలో గళ్ళు సరిగ్గా నింపారో లేదో చూడటం. చేతికి అలవాటైపోయిన పని, మనసుతో నిమిత్తం లేకుండా జరిగిపోయింది. రెండోసారి చదివినప్పుడుగాని అర్థం కాలేదు. కిటికీ అవతల ఎవరివో నాలుగు జతల కాళ్ళు గబగబా వెళ్ళిపోయాయి. ఆమె గుమాస్తాకి రాసింది: "నిన్న సాయంత్రం ఆయన ఎలా ఉన్నారండీ?"

వెంటనే జవాబు వచ్చింది. ఆ గుమాస్తా ఎవరో గాని ఓపిక ఉన్న మనిషి. "నిన్న మధ్యాహ్నం నుంచి ఆక్సిజన్ మీదే ఉన్నారు. అయిదు కాబోతుండగా మాస్కు పక్కకి లాగి ఫోను ఇమ్మన్నారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో దొరకలేదు. చెయ్యి నిలవకపోతే నేనే ఫోను పట్టుకున్నాను. ఎక్కడ నొక్కాలో నన్నే చూపించమన్నారు, ఒక్క మాట కొట్టారు. ఎందుకండీ ఇప్పుడు అని సైగ చేస్తే, అక్కడ ఎవరో రెండు రోజుల నుంచి ఆగిపోయి ఉన్నారు, పాపం అన్నారు. మీరు ఆయనకి ఏమవుతారండీ?"

ఏమవుతుంది? చుక్కలమ్మ ఆయనకి తను రాసినవన్నీ వెనక్కి తిప్పి చదివింది. పొద్దున తను రాసిన కోపం మాట ఆయన చదవలేదు. అప్పటికే ఆయన లేడు. ఆ ఒక్క గండం తప్పింది. కానీ చీటీ? 'చూడకుండానే చూశానన్నారు.' అయిదు సాఫ్ట్‌వేర్లు, లక్షల జనం. ఆయన పేరు ఈ లోకంలో కనపడేది ఆ ఒక్కచోటే. అక్కడ చివరి వరస ఇది.

గడియారం చూసింది. నాలుగూ ముప్పయి ఎనిమిది.

గబగబా కొత్త చీటీ రాసింది. చేసినవారు: తన పేరు. చూసినవారు: ఎవరూ లేరు. తొందరాయనకి పంపి, "ఇది పాతదాని బదులు వెళ్ళాలి, వెంటనే చూడండి" అంది. జన్మలో మొదటిసారి తొందరాయన తొందరపడలేదు. నాలుగూ నలభై ఆరు. నలభై తొమ్మిది. నాలుగూ యాభై మూడుకి పలికాడు.

"అమ్మా, మధ్యాహ్నం ఒకటి రాశారు, ఇప్పుడొకటి రాశారు. మధ్యాహ్నందే ఇప్పుడు కూర్చుని చదివాను. ఏది నిజం?"

"ఇదే నిజం అనుకోండి."

"అనుకోవడం ఏంటండీ? కొట్టులో ఆయన పేరుంది, ఆయన మాటుంది, టైముంది. చూసినవారు లేరని ఎలా ఒప్పుకోను? ఆయనతో పదేళ్ళు కొట్లాడాను, ఆయన మీద నాకేం ప్రేమ లేదు. కానీ చీటీలో ఒకసారి అబద్ధం రాశామంటే రేపటినుంచి ఏ చీటీ నమ్మాలి? ఆయనే అడుగుతాడు మనల్ని."

ఆయన అడగడు. ఆ ముక్క చెప్పేస్తే పని జరిగిపోతుంది. మీటల మీద వేళ్ళు పెట్టి కూడా ఆమె ఆ ఒక్క మాట కొట్టలేకపోయింది. కొడితే అదీ కొట్టులో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంకెవరో చూసి, నిజమేనని ఒప్పుకుంటారు. కాసేపు ఒప్పుకోకుండా ఉండనీ అనిపించింది. అలా చేతులు ముడుచుకు కూర్చున్న ఆ ఏడు నిమిషాల్లోనే అయిదయింది.

అందరికన్నా ముందు పుట్టింది అందరికన్నా ముందు వచ్చి, ఆనాటి మార్పులన్నీ పట్టుకుని వెళ్ళిపోయింది. వాటితోపాటు మధ్యాహ్నపు చీటీ. పెద్దాయన ముప్పయ్యేళ్ళు కాపలా కాసిన సొంత సాఫ్ట్‌వేరులో, ఆయన్ని ఎరిగిన పాతకాపులందరి తెరల మీదా, ఆయన పేరు పక్కన ఆ మాట వెలిగింది. ఇక చెరిపేవాడు లేడు. రేపు అయిదింటికి సరిచేసింది వెళ్ళొచ్చు, అది రేపటి పుట. ఇవాళ్టి పుట ఇవాళ్టిదిగానే ఉండిపోతుంది.

చుక్కలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్క గదిలో కత్తెర చప్పుడు ఆగింది. బైండరు గుమ్మం దాకా వచ్చి, తెర వంకా ఆమె వంకా చూసి, తన స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

కళ్ళు తుడుచుకుని ఆమె తొందరాయనకి రాసింది: "ఆయన ఇవాళ పొద్దున పోయారు. నిన్న ఆస్పత్రి మంచం మీద నుంచి చూశానన్నారు."

 పది నిమిషాలకి వచ్చింది: "అయ్యో." ఆ తర్వాత ఇంకొకటి. "పోయిన వారం కూడా నన్ను తిట్టాడండీ. ఏం, ఒళ్ళు బాగాలేదని చెప్పి తిట్టకూడదా? సరే. అబద్ధం వద్దు. ఉన్నదున్నట్టు మొత్తం రాయండి. నేనెక్కడికీ పోను, కూర్చుని చదువుతాను."

ఉన్నదున్నట్టు రాయడం ఎంత కష్టమో ఆమెకి నలభై ఒక్క గ్రంథాలు కొట్టినా తెలియలేదు. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసింది. నాలుగోసారి ఇలా వచ్చింది: చేసినవారు, నేను. దారి రాయడం మరిచింది నేను. మూడుసార్లు అడిగి తొందరపెట్టింది నేను. ఆయన ఆస్పత్రిలో కళ్ళజోడు లేకుండా, వేరొకరు ఫోను పట్టుకుంటే, నా పని ఆగకూడదని చూశానన్నారు. మర్నాడు పోయారు. దీనికి ముందు పద్నాలుగేళ్ళలో ఆయన చూసిన వాటిలో ఒక్క తప్పు లేదు. నన్ను క్షమించాలి.

తొందరాయన దాన్ని ఇరవై నిమిషాలు చదివాడు. "ఒక్కటేనమ్మా. ఆ చివరి మాట తీసెయ్యండి. చీటీలో ఏడుపు ఆయనకి గిట్టదు. మిగతాది నిజమే." ఆమె తీసేసింది. అయిదూ నలభై ఎనిమిదికి, "రెండుసార్లు చదివాను, పంపుతున్నాను" అని వచ్చింది. ఆరింటికి నాలుగు సాఫ్ట్‌వేర్లూ వరసగా వచ్చి కొత్త చీటీ తీసుకుపోయాయి. అయిదింటిలో నాలుగు.

భర్తకి ఫోను చేసింది. ఈసారి ఆయన వేళాకోళమాడలేదు. "ఊరెంత దూరం?" అని అడిగి, "రేపు మధ్యాహ్నానికి చేరతాం. నేను సెలవు చెప్పొస్తా, నువ్వు అక్కడే ఉండు" అన్నాడు.

గుమాస్తాకి ఆ సంగతి రాసింది. "ఉంచుతామండీ. కాకపోతే బంధుత్వం గడి ఖాళీగా వదలకూడదు. ఏమని రాయమంటారు?" అని వచ్చింది.

"తోటి పనివాళ్ళం అని రాయండి" అని కొట్టింది చుక్కలమ్మ. కొట్టి, "ఆయన వస్తువులేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"బట్టలు, ఫోను మూటకట్టి పెట్టాం. ఇంకొకటి ఉందండి, చెవిలో పెట్టుకునే మిషను. అది పెట్టినా ఆయనకి సరిగా వినపడేది కాదు, మేం ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించేవాళ్ళం. చెవిలోంచి తీసినప్పటినుంచీ సన్నగా కూస్తోంది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో మాకెవరికీ తెలియలేదు."

పద్నాలుగేళ్ళుగా ఆయనకి చెవుడని ఆమెకి తెలియదు. రాసుకునే మాటల్లో చెవుడు ఎక్కడ కనపడుతుంది?

అక్కడ ఆస్పత్రిలో, వార్డు గుమాస్తా బల్ల మీద, మంచం నంబరు రాసి అతికించిన కవరులో శెనగగింజంత మిషను ఎవరూ ఆపక అలా కూస్తూనే ఉంది.